పాలు పోసిన పెట్టె

అమ్మిన సరుకు తిరిగి రావడమంటే కాంతానికి, కక్కిన కూడు మళ్లీ విస్తట్లో వడ్డించినంత రోత. నరసన్నపేట బజారులో పైపులూ మోటార్లూ అమ్మే కొట్టు మీద కూర్చున్నన్నాళ్లూ ఆ రోతని ఆవిడ గుమ్మం తొక్కనివ్వలేదు. కొనేవాడు మెట్టు దిగకముందే మోటారుకి కరెంటు పెట్టి తిప్పించేది. వాల్వుని వాడి చేతే బిగించి వాడి చేతే విప్పించేది. "వంకలుంటే ఇక్కడే పెట్టు, ఇంటికెల్లాక పెట్టకు" అనేది. మెట్టు దిగిన సరుకు గురించి మళ్లీ ఆలోచించాల్సి వచ్చిందంటే అమ్మినప్పుడే ఎక్కడో తక్కెడ వంగిందని ఆవిడ లెక్క.

అలాంటి మనిషి యాభై దాటాక కొత్త వ్యాపారంలోకి దిగింది. దింపినవాడు అన్నకొడుకు ఆనంద్‌కుమార్. ఇంజనీరింగు చదివి, విశాఖపట్నంలో ఎవరి దగ్గరో కొన్నాళ్లు చేసి, విసుగెత్తి వచ్చేశాడు.

"అత్తా, మనం ముక్కలు అమ్ముతన్నాం. ఆ ముక్కలన్నీ కలిపి గదిలాగ అమ్మితే ఏటి?" అన్నాడు.

ఆసుపత్రికైనా హోటలుకైనా వేడినీళ్లు కావాలంటే ముందు గది కట్టాలి, తర్వాత అందులో యంత్రాలు దింపాలి. మేస్త్రీ కోసం వెల్డరు, వెల్డరు కోసం కరెంటువాడు ఎదురుచూస్తూ నెలలు గడిపేస్తారు. అదేమీ లేకుండా ఇనప గదిని షెడ్డులోనే తయారుచేసి, నీళ్లు కాచే హీట్ పంపు, స్టీలు ట్యాంకు, మోటార్లు, పైపులు, ప్యానెల్ బోర్డు అన్నీ లోపల బిగించి, నీళ్లు నింపి నడిపి చూసి, ట్రెయిలర్ మీద పంపించేస్తే సరి. క్రేను దింపుతుంది. అవతల నీళ్లగొట్టం, కరెంటు తీగ తగిలించడమే మిగులుతుంది. బయటి కంపెనీలు దాన్ని రెడీమేడ్ ప్లాంటు రూము అంటాయి. నరసన్నపేటలో దానికి కాంతమ్మ పెట్టె అని పేరొచ్చింది.

కాంతానికి ఇందులో బాగా నచ్చినదేమిటంటే, మెట్టు దిగకముందే తిప్పి చూపించే తన పద్ధతే ఇక్కడా ఉంది, కాకపోతే లారీ అంత సైజులో. హైవే పక్కన షెడ్డు వేసింది. వెల్డర్లని పెట్టింది. తన సొంత నియమం ఒకటి చేర్చింది. నిలవ నీళ్లు చెడ్డాయంటే మూత తీసిన చెయ్యే కారణమని ఆవిడ నమ్మకం. అందుకని పెట్టె షెడ్డు దాటేముందు ట్యాంకు మూతకి తనే తాళం వేసేది. తాళంచెవి ఒకటి తన బొడ్లో, ఇంకొకటి ఆనంద్ దగ్గర. కొన్నవాళ్లు అడిగితే, "మీ కడుపుకి మూతుందేటి, తీసి సూసుకోడానికి? ఇదీ అంతే" అనేది.

వ్యాపారం అందుకుంటోంది. శ్రీకాకుళంలో పెద్ద హోటలు కడుతున్న పృథ్వీరాజ్ షెడ్డుకి వచ్చి చూసి వెళ్తున్నాడు. సరిగ్గా అప్పుడే విజయనగరం నుంచి డాక్టర్ గురుప్రసాద్ ఫోను చేశాడు. ఆయన అక్కడ పిల్లల ఆసుపత్రి కట్టాడు. పెట్టె వెళ్లి మేడ వెనకాల కూర్చుని చాలా రోజులైంది. ఆసుపత్రి తెరవడం వచ్చే వారమే.

"మీ పెట్టె తీసుకెళ్లిపోండి మేడం. కుళాయి తిప్పితే శవం కంపు కొడుతోంది. ఈ నీళ్లతో పసిపిల్లలకి స్నానాలా?" అని పెట్టేశాడు.

కాంతం ఫోను గల్లాపెట్టె మీద పెట్టి చీర చెంగుతో చెయ్యి తుడుచుకుంది. మొగుడు భీమశంకరరావు కొట్లో పైపులు పేర్చుకుంటూ అంతా విన్నాడు.

"ఎల్లు. పెట్టె అమ్మినావు గదా, ఇప్పుడు కొనుక్కుని రా" అన్నాడు.

"నోరు కడుక్కున్నావేటి పొద్దున్న?"

"కడుక్కున్నాను గానీ, మనది సంచిలో పెట్టి తెచ్చుకునే సరుకు కాదే. లారీ మీద వస్తాది. ఊరంతా నిలబడి సూస్తాది."

ఆయన చెప్పింది నిజమే, అందుకే ఒళ్లు మండింది. మోటారు తిరిగొస్తే రాత్రికి కొట్టు వెనక దాచొచ్చు. పెట్టె తిరిగొస్తే దాచే చోటు లేదు. ఒక్క పెట్టె వెనక్కొచ్చిందని తెలిస్తే పృథ్వీరాజ్ ఇలాంటి పెట్టెలే చేసే విశాఖపట్నం కంపెనీ వైపు తిరుగుతాడు. వాడి వెనక మిగతావాళ్లూ తిరుగుతారు. షెడ్డుకి తాళమే.

*

దారి పొడుగునా కారు నడిపింది ఆనందే. మామూలుగా వాడి నోరు స్టీరింగుకన్నా ఎక్కువ తిరుగుతుంది. ఆ రోజు రణస్థలం దాటినా మాట్లాడలేదు. కాంతం అది గమనించి, మనసులో ఒక పక్కన పెట్టుకుంది.

కొత్త రంగు వాసనని నమిలి మింగేసి ఆసుపత్రి నిండా ఇంకో వాసన కూర్చుంది. మురుగు కాదు, చచ్చిన ఎలక కాదు. చంటిపిల్ల కక్కిన పాలు చాప కింద ఇంకి, వేసంగిలో వారం మాగితే వచ్చే పులిసిన కంపు. కొత్త పరుపులకీ, కిటికీ తెరలకీ పట్టేసింది. నేల కడిగే కూర్మమ్మ కొంగు ముక్కుకి అడ్డంపెట్టుకుని బకెట్టు దగ్గర నిలబడింది.

"తల్లీ, తమరి నీలేనా ఇవి?" అంది. "దొడ్లు కడిగిన సెయ్యి నాది. దీన్ని మాత్రం ముట్టనమ్మా. అన్నం సయించట్లేదు."

కాంతం కుళాయి తిప్పింది. గోరువెచ్చని నీళ్లు కొంచెం తెల్లగా, కొంచెం జిగటగా వచ్చాయి. వేళ్లకి తగిలిన జిడ్డు చీరకి తుడుచుకోబుద్ధి కాక చెయ్యి దూరంగా పట్టుకునే నడిచింది.

డాక్టర్ గురుప్రసాద్ మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. ఏసీ గదిలో అగరొత్తులు నాలుగు కలిపి వెలిగించుకుని కూర్చున్నాడు.

"మీ ట్యాంకు లోపలి పెయింటు నాసిరకం అనుకుంటాను" అన్నాడు.

"ట్యాంకుకి పెయింటు లేదు బాబూ. స్టీలు. అగరొత్తులార్పండి, తల నొప్పొస్తంది. నేను పెట్టె సూసి వస్తాను."

పెట్టె మేడ వెనక సిమెంటు గద్దె మీద ఉంది. తలుపుకి పసుపు రాసి కుంకం బొట్లు పెట్టారు. మామిడాకులు ఎండి వేలాడుతున్నాయి. అంతవరకూ ఎవరైనా చేసేదే. కాంతం చుట్టూ తిరిగింది. ట్యాంకు నిండితే ఎక్కువైన నీళ్లు పోవడానికి గోడలోంచి బయటికి చిన్న గొట్టం ఉంటుంది. ఆ గొట్టం మూతి కింద గోడ మీద పచ్చటి చార కట్టింది. చారకి చీమల బారు. చచ్చిన చీమలు, తింటున్న చీమలు, చచ్చిన చీమల్ని మోసుకుపోతున్న చీమలు.

నీళ్ల కోసం చీమలు బారు కట్టవు.

లోపలికి వెళ్లి, మోటారు ముందు చెత్త ఆపే జాలీ బుడ్డీ విప్పమంది. ఆనంద్ రెంచీ తెచ్చి పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడే లాక్కుని విప్పింది. జాలీ నిండా పసుపు పచ్చగా, ముద్దగా, జున్నులా పేరుకున్న మడ్డి. అందులో చేమంతి రేకలు. గంధం పేడు. ఎవరి తల వెంట్రుకో పొడుగ్గా ఒకటి. కాంతానికి కడుపులోంచి తన్నుకొచ్చింది. పళ్లు బిగించి మింగేసింది. తర్వాత తలెత్తి ట్యాంకు మీది తాళం చూసింది. తాళానికి గీత లేదు, దెబ్బ లేదు. పగలగొట్టలేదు, చెవితో తీశారు. ఒక చెవి ఆవిడ బొడ్లోనే ఉంది.

"సెవి ఏదిరా?" అంది, వెనక్కి తిరక్కుండానే.

ఆనంద్ జేబు తడుముకున్నాడు. ఉంది.

"నువ్వే తీసినావు."

"అత్తా, పెద్దాయన అడిగారు."

పెద్దాయనంటే డాక్టరు తండ్రి వేంకటాచలం. సంస్కృతం మేష్టారుగా చేసి దిగిపోయిన మనిషి. ఇప్పుడు కొడుకు ఆసుపత్రిలో గడియ గడియకీ ముహూర్తం పెట్టేది ఆయనే.

"పెట్టె దిగిన రోజున పూజకి రమ్మన్నారు గదా. నీకు కోటబొమ్మాళిలో పనుందని నన్నొక్కన్నే పంపినావు" అన్నాడు ఆనంద్. "కొత్త ఇంట్లో పాలు పొంగించినట్టే ఇక్కడా పొంగించాలన్నారు. పొయ్యేదన్నారు. పొయ్యి లేదండీ, నీలు కరెంటుతో కాగుతాయన్నాను. పొయ్యి లేకండా వేడెక్కడ పుడతాదన్నారు. ట్యాంకు సూపించినాను."

"సూపించినావు. మరి?"

"అయితే ఇదే పొయ్యి, మూత తియ్యమన్నారు. ఒక గలాసు పోస్తారనుకున్నానత్తా."

"గలాసు పాలకి ఇంత జున్ను కట్టదు. మిగతాది సెప్పు."

మిగతాది వాడు గోడకేసి చూస్తూ చెప్పాడు. గ్లాసు పాలు పోశారు. ట్యాంకు నీళ్లలో అవి ఎటు పోయాయో కూడా తెలియలేదు. అందరూ తొంగి చూస్తూ నిలబడ్డారు. పొంగలేదు. పాలు పొంగకపోతే అరిష్టమని ఒకావిడ గొణిగింది. చెంబుడు పోశారు. పొంగలేదు. పొంగాలంటే నీళ్లు మరగాలి, ఈ యంత్రం చెయ్యి కాలే వేడి దగ్గరే ఆగిపోతుంది, అది ఆనంద్‌కి తెలుసు, చెప్పలేదు. ముహూర్తం దాటిపోతోందని వేంకటాచలం కంగారుపడితే డెయిరీ నుంచి క్యాన్లు తెప్పించారు. చుట్టాలందరూ వరసగా నిచ్చెనెక్కి మనిషికో చెంబు చొప్పున పోశారు. పూలు వేశారు. గంధం కలిపారు. పోయగా పోయగా ట్యాంకు అంచులదాకా వచ్చి, బయటి గొట్టంలోంచి తెల్లటి నీళ్లు గోడ మీద పడ్డాయి. పొంగాయి పొంగాయని అందరూ చప్పట్లు కొట్టారు.

"డాక్టరు పోసినాడా?"

"పోసినారు. నవ్వుకుంటా పోసినారు. ఫోటో కూడా దిగినారు."

"తరవాతైనా ఖాళీ సేసి కడగలేదేరా?"

"కడుగుదామనే అనుకున్నాను. మర్నాడు ఇంకో పనికి పంపినావు. ఈలకి ఆసుపత్రి పర్మిషన్లు రాక కరెంటు ఆపేసినారు. ఎండలు ముదిరినాయి. అలగలగ మరిసిపోయాను."

"మరిసిపోలేదు. సెప్పడానికి నామోషీ. నామోషీ పడ్డావు, ఇక్కడ నీలు కుల్లబెట్టినావు."

"గిరాకీని కాదనకూడదని నువ్వే అంటావు గదత్తా."

"కాదనకూడదన్నాను. గిరాకీ నీ నోట్లో ఉమ్ముతానంటే నోరు తెరుస్తావేటి?"

వాడి మీద కోపం రాలేదు ఆవిడకి. కోపమైతే అరిచి దులుపుకోవచ్చు. జాలీలోని మడ్డిని చూసినప్పుడు కలిగినదే, వాడి మొహం చూసినా కలిగింది. నలిగిన ఇస్త్రీ చొక్కా, చేతిలో ఖరీదైన ఫోను, అందులో ఆ పూజ ఫోటోలు. నీళ్లు కాచే యంత్రం చేయడం తెలిసిన చెయ్యే మూత తీసి పాలు పట్టింది.

*

జాలీని కాగితంలో పెట్టుకుని ఆవిడ ముందు వరండాకి వెళ్లింది. వేంకటాచలం మేష్టారు ఉత్తరీయం కప్పుకుని పడక్కుర్చీలో పంచాంగం చూసుకుంటున్నారు.

"మేష్టారూ, పెట్టెలో పాలు పొంగించింది తమరేనా?"

"అవునమ్మా, నేనే. దివ్యంగా పొంగాయి. మొదట మొరాయించాయి గాని చివరికి గోడంతా తడిపాయి" అన్నారాయన ముచ్చటగా. "ఏం, ఎందుకడిగావు?"

కాంతం కాగితం విప్పి ఆయన ముందున్న బల్ల మీద పెట్టింది. ఆయన వంగి చూశారు. ఒక్క క్షణంలో ఉత్తరీయం ముక్కు మీదకి వెళ్లింది.

"శివ శివ. ఏమిటమ్మా ఇది?"

"తమరి పాలే. ఈ నీలే కుళాయిలోంచి వస్తన్నాయి. వచ్చే వారం నుంచి పసిపిల్లల ఒంటి మీద పోస్తారు."

మేష్టారి మొహంలో రంగు పోయింది. "పాలు పాడవుతాయని... అంత యంత్రం కదా, శుద్ధి చేసుకుంటుందనుకున్నాను" అన్నారు. తర్వాత, "ఈ వాసన డ్రైనేజీదని మావాడు చెప్పాడే" అన్నారు.

గుమ్మంలో డాక్టరు నిలబడి ఉన్నాడు. "నాన్నగారూ, మీరు లోపలికి వెళ్లండి" అన్నాడు.

"నీకు తెలుసునా గురూ?"

"లోపలికి వెళ్లండి నాన్నగారూ, బీపీ మాత్ర వేసుకోలేదు మీరు."

ఆయన లేచి, కొడుకు వైపు ఒకసారి, జాలీ వైపు ఒకసారి చూసి, పంచాంగం అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. డాక్టరు తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"మీరు తెలివైనవారు, మీతో దాపరికం దేనికి? వాసన వచ్చిన రోజే నాకు అర్థమైంది. కానీ పిల్లల ఆసుపత్రి ఇది. ఓనరే ట్యాంకులో పాలు పోసి నీళ్లు కుళ్లబెట్టాడని పొక్కితే తల్లులెవరైనా గుమ్మం ఎక్కుతారా? నాన్నగారి పరువు ఒకటి."

"అందుకని పరువు నాది తియ్యాలని."

"మీకు నష్టం రానివ్వను. రాత్రిపూట ట్రెయిలర్ పెట్టి పట్టుకెళ్లండి. ట్యాంకు నాసిరకంది పడింది, మారుస్తున్నాం అని ఒక్క మాట అనండి. కొత్త పెట్టె మొత్తం ఖరీదు నేనే ఇస్తాను. నా స్నేహితులు పార్వతీపురంలో ఒకటి, పాలకొండలో ఒకటి కడుతున్నారు. ఆ రెండూ మీ చేతికే వస్తాయి. నా మాట."

బేరంగా చూస్తే వంక పెట్టడానికి లేదు. ఒకటి పోతే మూడు. నష్టమల్లా ఒక మాట. ఆవిడ బుర్ర అలవాటు కొద్దీ పనిలోకి దిగిపోయింది. పార్వతీపురానికి ఏ వెల్డర్లని పంపాలి, పాలకొండ రోడ్డు మీద ట్రెయిలర్ తిరుగుతుందా అని అంతదాకా వెళ్లిపోయింది. అప్పుడు బల్ల మీది జాలీలోంచి చీమ ఒకటి దిగి పంచాంగం మీద నడవడం కనిపించింది. తను ఎక్కడ కూర్చుని ఏం లెక్క కడుతోందో తెలిసొచ్చి, నోరంతా చేదైంది. ఎదురుగా ఉన్నవాడు తండ్రి తప్పుని వెల కట్టి అమ్ముతున్నాడు. తను తూచడానికి కాటా తీసింది.

"ఒక పని సేద్దాం బాబూ" అంది. "పెట్టె కదపక్కర్లేదు. ఇక్కడే ట్యాంకు ఖాళీ సేసి, చాకలిసోడా నీలు కాచి పైపులన్నీ కడిగిస్తాను. ఇంకో పూట మంచినీలు తిప్పిస్తాను. తెరిసేనాటికి తేటగా వస్తాది. అదే శుభ్రం, అదే తక్కువ."

"ఇక్కడ వద్దు. మడ్డి బయటికి తీస్తే పనివాళ్లందరూ చూస్తారు. పాలని తెలిసిపోతుంది."

"అంటే శుభ్రం ముక్యం కాదన్నమాట."

ఆయన పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నాడు.

"సరే, తీసుకెల్తాను. పగలే తీసుకెల్తాను. వార్డుల పైపులు కడగడానికి మావోల్లిద్దర్ని ఇక్కడ ఒగ్గేసి వెల్తాను, దానికి మీరేటీ ఇవ్వక్కర్లేదు. దారిలో ఎవరైనా అడిగితే ఉన్నదే సెప్తాను."

"అలా చెబితే ఆ రెండు ఆర్డర్లూ ఉండవు. మీ ట్యాంకుదే తప్పని మేమూ చెబుతాం. డాక్టరు మాట నమ్ముతారా, మీ మాట నమ్ముతారా?"

"సెప్పండి బాబూ. మాట మీ దగ్గరుంటాది, కంపు నా బండి మీదుంటాది. ముక్కున్నోడు ఎటు రావాలో అటే వస్తాడు."

*

ట్యాంకులో నీళ్లు వదిలేయించి, అడుగు మడ్డి మాత్రం అలాగే ఉంచమంది. ట్రెయిలర్ డ్రైవరు ఉమాశంకర్ తడి తువ్వాలు మూతికి కట్టుకుని బండెక్కాడు.

"పిన్నీ, గేదె సచ్చిపోయిందేటి లోపల?"

"గేది బతికే ఉన్నాది. పాలే సచ్చిపోయినాయి. నువ్వు నడుపు."

కాంతం కూడా కారు మానేసి క్యాబిన్‌లో వాడి పక్కనే కూర్చుంది. ఎండకి ఇనప గోడలు కాగి, కంపు కొత్తగా ఊరింది. శ్రీకాకుళం బైపాసులో పక్కనొచ్చిన మోటారు సైకిళ్లు చటుక్కున వెనక్కి తగ్గాయి. మడపాం టోల్‌గేటులో మనిషి చీటీ ఇచ్చి అద్దం మూసేసుకున్నాడు. వంశధార వంతెన మీద గాలికి రెండు నిమిషాలు హాయిగా ఉంది.

నరసన్నపేటలో ఉమాశంకర్ షెడ్డు వైపు తిప్పబోతే ఆవిడ బజారు వైపు పొమ్మంది. పట్టపగలు, జనం మసలే వేళ, సొంత కొట్టు ముందే బండి ఆపించింది. భీమశంకరరావు తువ్వాలు ముక్కుకి అదుముకుని బయటికొచ్చాడు.

"తెచ్చినావా?"

"తెచ్చినాను."

"షెడ్డుంది గదే. కొట్టు ముందర పెట్టాలా దీన్ని?"

"ఇక్కడే పెట్టాలి. దాసినామంటే ఈ కంపు మనదైపోతాది."

ఆయన భార్య మొహం చూసి, లోపలికెళ్లి కొట్లోంచి తాపీ, బకెట్టు తెచ్చి పక్కన పెట్టాడు. జనం మూగారు. కాంతం పెట్టె తలుపు తీసి, బొడ్లోంచి చెవి తీసి, తనే తాళం విప్పి మూత ఎత్తింది. ముందు నిలబడ్డవాళ్లు గబగబా వెనక్కి వచ్చి వెనకవాళ్ల కాళ్లు తొక్కారు. ఒకాయన కాలవ దగ్గరికి పరిగెత్తి ఉమ్మేసి వచ్చాడు.

"ఏటిది కాంతమ్మా?" అంది ఎదురు బట్టల కొట్టు తాయారు.

"పాలు. పెట్టె పూజకని ట్యాంకులో పోసి పొంగించినారు. తరవాత కరెంటు ఆపుకుని ఒగ్గేసినారు. మూత తీసి ఇచ్చింది మనోడే." ఆసుపత్రి పేరు చెప్పలేదు. మేష్టారి పేరు కూడా చెప్పలేదు. తన వైపు తప్పు మాత్రం దాచలేదు.

"మా ఇంటికి పోసే పాలకన్నా సిక్కగానే ఉన్నాదే" అన్నాడు గుంపులో ఒకడు. నవ్వబోయిన వాళ్లకి నోరు తెరిస్తే కంపు లోపలికి పోయేటట్టుంది. మూతులు బిగించుకునే నవ్వారు.

కాంతం తాపీ ఆనంద్ చేతిలో పెట్టింది.

"దిగు."

"అత్తా, షెడ్డులో వెల్డర్లున్నారు గదా. ఇక్కడ, అందరి ముందర..."

"మూత తీసింది వెల్డర్లేటిరా?"

వాడు ఇస్త్రీ చొక్కా విప్పి బండి కొక్కేనికి తగిలించాడు. ఫోను మామయ్య చేతికిచ్చాడు. ట్యాంకులోకి దిగి అడుగు గీకడం మొదలెట్టాడు. గీకిన చప్పుడు బజారంతా వినబడింది. మొదటి బకెట్టు పైకొచ్చింది. రెండోది వస్తుండగా వాడు పైకి తల పెట్టి, పక్కకి వాలి కక్కుకున్నాడు. తాయారు అయ్యో అంది. కాంతం నిమ్మకాయ సోడా కొట్టించి అందించింది, తాగేదాకా ఆగింది. తర్వాత ఖాళీ బకెట్టు మళ్లీ చేతికిచ్చింది. వాడు మళ్లీ దిగాడు. ఆవిడ అక్కడి నుంచి కదల్లేదు, ముక్కుకి కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు. డాక్టరు బేరానికి కాటా తీసిన చెయ్యి తనదే కదా, ఆ కంపులో తన వాటా కూడా ఉందనిపించింది.

సాయంత్రానికి కబురు శ్రీకాకుళం పాకి, పృథ్వీరాజ్ కారేసుకుని వచ్చాడు. అప్పటికి మడ్డి అంతా పోయి, సోడా నీళ్లతో ఒక కడుగు పడింది. అతను నిచ్చెనెక్కి లోపలికి తొంగిచూశాడు. వేలితో స్టీలు మీద రాసి చూసుకున్నాడు. జాలీ చూశాడు. గోడ మీది చారని చూశాడు. భీమశంకరరావు కొట్లోంచి మెడ సాచి చూస్తున్నాడు. వెల్డర్లు షెడ్డులో పని ఆపి వచ్చి నిలబడ్డారు. షెడ్డు ఉంటుందో పోతుందో ఈ మనిషి నోట్లో ఉందని అందరికీ తెలుసు.

"ట్యాంకుకి ఏటీ అవలేదు" అన్నాడు దిగొచ్చి. "గీత కూడా పడలేదు. మంచి స్టీలు."

"నేనూ అదే అన్నాను బాబూ, నా మాట ఎవరూ ఇనలేదు."

"అది సరే గానీ కాంతమ్మ గారూ." అతను గొంతు సవరించుకున్నాడు. "మరి మా హోటలుకి పెట్టె దింపినప్పుడు పాలెక్కడ పొంగించాలి?"

కాంతం అతని మొహం వైపు చూస్తూ ఉండిపోయింది. పొద్దుటి నుంచి బజారంతా ముక్కు మూసుకుంది, ఒక కుర్రాడు పేగులు బయటికొచ్చేలా కక్కుకున్నాడు, ఇంతా చూసి ఈ మనిషికి మిగిలిన సందేహం ఇది. వేళాకోళమేమో అనుకుంది. కాదు. అతను నిజంగానే దిగులుపడుతున్నాడు.

"మా అమ్మ ఊరుకోదండీ" అన్నాడు. "పొంగించకండా స్విచ్చి వెయ్యనివ్వదు."

మళ్లీ ఓకరింత వచ్చింది ఆవిడకి. దాని వెనకే, ఎప్పటిలాగే, లెక్క కూడా వచ్చింది.

"తలుపు పక్కన బయట గోడకి ఇనప బల్ల ఒకటి ఏయిస్తాను. దాని మీద కరెంటు పొయ్యి బిగిస్తాను. పెట్టెలోని కరెంటే దానికీ వస్తాది, వేడి పెట్టెదే అవుతాది. ఎన్ని పాలు పొంగించుకుంటారో అక్కడ పొంగించుకోండి. ట్యాంకు మూత మాత్రం సెవితో రాదు. బోల్టులేయించేస్తాను."

"అయితే రాసుకోండి" అన్నాడు పృథ్వీరాజ్. తేలిగ్గా ఊపిరి పీల్చుకోబోయి కంపుకి దగ్గాడు.

*

విజయనగరం డాక్టరు వేరేచోట పెట్టె కొనుక్కున్నాడు. తెరిచే ముహూర్తం వెనక్కి జరిపారు. మేష్టారు మాత్రం ఒకసారి కొట్టుకి ఫోను చేసి, "పైపులు మీవాళ్లు బాగా కడిగారమ్మా" అని ఒక్క మాట చెప్పి పెట్టేశారు. ఆ కొత్త పెట్టెకి పూజ చేశారో లేదో, చేస్తే పాలు ఎక్కడ పోశారో కాంతం అడగలేదు.

పృథ్వీరాజ్ హోటలుకి పెట్టె దిగిన రోజున ఆవిడ స్వయంగా వెళ్లింది. తలుపు పక్కన ఇనప బల్ల మీద పొయ్యి, పొయ్యి మీద కొత్త ఇత్తడి గిన్నె. పాలు చక్కగా పొంగి, గిన్నె అంచు దాటి, ఆవిడ షెడ్డులో రెండు పూతలు వేయించిన నీలం రంగు మీదుగా నేలదాకా కారాయి. అందరూ చప్పట్లు కొట్టారు. పృథ్వీరాజ్ తల్లి కళ్లు తుడుచుకుంది. అప్పటికే వచ్చి నిలబడిన ఇంకో లాడ్జీ ఓనరు ఆ బల్లని తట్టి చూస్తూ, ఇలాంటిదే తమకీ కావాలన్నాడు.

పృథ్వీరాజ్ తల్లి గ్లాసులో పాలు పోసి, పంచదార వేసి, ముందుగా కాంతానికే ఇచ్చింది. పుచ్చుకోక తప్పలేదు. గ్లాసు పెదవులదాకా వెళ్లి ఆగింది. ఆ వాసన తగలగానే జాలీ, చేమంతి రేక, పొడుగాటి వెంట్రుక కళ్లముందుకొచ్చాయి. ఆవిడ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. చూస్తుండగానే పైన మీగడ కట్టింది.

"అరేయ్ ఆనంద్, మూతకి బోల్టులేసినావా?"

"ఏసే ఉన్నాయత్తా. పొద్దున్నే నువ్వే బిగించినావు గదా."

"ఊఁ."

గ్లాసు వాడి చేతిలో పెట్టేసి, లోపలికెళ్లి, ఒక్కొక్క బోల్టూ చేత్తో తిప్పి చూసుకుంది.